నాలుగు

సకాతా రేవు మీద మంచు తెరిపివ్వని ఆ శీతాకాలం
మినెగిషి గారి గదిలో స్టెన్సిల్ కోసే పని నాది.
సముద్రం దాటి వచ్చిన ప్రశ్నలు నూటపన్నెండు.
ప్రతిదాని ముందూ ఒక "నేను",
చెప్పులు విప్పకుండా గుమ్మంలో నిలబడ్డ అతిథిలా.

ఏ "నేను" పెట్టమంటారు, అడిగాను.
పై అధికారి ముందు ఒకటి,
తాగిన రాత్రి ఇంకొకటి,
అమ్మ దగ్గర అసలుండదు.
ఆయన పెన్సిలు కొరికి, తీసెయ్యండి అన్నారు.
తీసేశాను. వాక్యం కూలలేదు.

"ఉన్నదాన్ని చూసి గర్వంగా ఉంటుంది":
ఒకటి నుంచి ఏడు దాకా ఏదో ఒకటి చుట్టాలి.
చేపలు వేలం వేసేవాళ్ళు, బడిపంతుళ్ళు,
స్టేషన్లో టికెట్లకు చిల్లు కొట్టే కుర్రాడు,
అందరూ నాలుగే చుట్టారు.
పుస్తకం లెక్కన నాలుగంటే గోడ మీద పిల్లి.
ఊరు ఊరంతా గోడ మీదేనా?
మూడు రాత్రులు కూడికలు వేశారు మినెగిషి గారు.
కిరోసిన్ పొయ్యి మీద కెటిల్
ఆయన బదులు నిట్టూర్చింది.

తర్వాత త్సుయు గారు వచ్చారు,
మునిగిన పడవ తాలూకు మనిషి.
కాగితం ముక్కు దాకా తెచ్చుకుని అడిగారు:
"ఈ మాట అడుగుతున్నది ఎవరు?
నేను చెప్పేటప్పుడు పక్కన కోడలుందా?
గర్వమంటే ముల్లంగి ఊరగాయ కుదిరిన రోజా,
పక్కింటావిడ మెచ్చుకుంటే
అబ్బే, ఉప్పెక్కువైందని అన్న రోజా?"

మినెగిషి గారు నీళ్ళు నమిలారు.
ఆవిడే జాలిపడి నాలుగు చుట్టారు.
సున్నా వంకర పోయిందని చెరిపి
మళ్ళీ గుండ్రంగా చుట్టారు.
రబ్బరు పొట్టు బల్ల మీద మిగలకుండా
అరచేతిలోకి ఊడ్చుకుని, కాగితంలో మడిచి,
నడికట్టులో దోపుకుని వెళ్ళిపోయారు.

ఆ పొట్టుకు ఫారంలో గడి లేదు.

వసంతం దాకా ప్రశ్నలు తిరగరాశాం.
ఒక్కోదాంట్లో ఒక్కో మనిషిని కూర్చోబెట్టాం:
మామగారిని, వీధి చివరి బియ్యం కొట్టతన్ని,
పోయినవాళ్ళను కూడా.
అంకెలు కదిలాయి. రెండు, ఆరు, ఒకసారి ఏడు.
ఇది శాస్త్రమేనా అని టోక్యో నుంచి ఉత్తరం వచ్చింది.
మినెగిషి గారు దాన్ని కెటిల్ కింద పెట్టుకున్నారు.

నాకిప్పుడు డెబ్బై తొమ్మిది.
ఆసుపత్రిలో ఒక పిల్ల పలక లాంటి తెర చాపి
ఈ వారం సంతోషంగా ఉన్నారా అంటుంది.
దాని వేళ్ళు చలికి కందిపోయాయి.
వరండాలో ఇంకా పదకొండు మందున్నారు.

నాలుగు నొక్కాను.