పంటి లేదు

కోటిపల్లి రేవులో మా నాన్న సరంగు.
గోదారి ఎర్రబడి దుంగలు కొట్టుకొస్తుంటే
ఇంజను ఆపి, గెడకర్ర అడ్డంగా పెట్టి
ఒకే మాట అనేవాడు:
"పంటి లేదండోయ్."
అంతే.
పెళ్ళివారైనా, ఎమ్మార్వో అయినా, గేదెల బేరగాడైనా
కాసేపు తిట్టుకుని
టీ బడ్డీ కాడ చతికిలబడేవారు.

నేను మధురపూడిలో, గాజు తలుపుల లోపల.
నీలం కోటు, మెడలో రుమాలు,
పెదాలకి కంపెనీ చెప్పిన రంగు.
బల్లకి అతికించిన కాయితంలో పదకొండు వాక్యాలు.
ఆరోది: వాతావరణం మా ఆధీనంలో లేనందుకు చింతిస్తున్నాము.
ఎనిమిదోది, అవతలివాళ్ళు గొంతు పెంచాక మాత్రమే.
విమానం "లేదు" అనకూడదని శిక్షణలో మరీ మరీ చెప్పారు.
"పునర్వ్యవస్థీకరించబడింది" అనాలట.
తడబడకుండా పలకడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆ సాయంత్రం సముద్రం వైపు నించి ఆకాశం
తడి గోనెపట్టాలా దిగిపోయింది.
చెన్నై విమానం వచ్చింది, రాలేదనలేం.
మబ్బుల పైన రెండు చుట్లు దాని చప్పుడు విన్నాం.
అట్నించటే హైదరాబాదు పోయింది.
అరవై నాలుగు మొహాలు నా వైపు తిరిగాయి.

"కిటికీ సీటుకి నాలుగొందలు ఎక్కువ కట్టానండీ,
ఆ కిటికీ ఇప్పుడెక్కడుందంటారు?"
"మేనేజర్ని పిలు."
మేనేజరు విశాఖలో ఉంటాడు, ఫోనులో ఉంటాడు, ఉండడు.
రెండు గంటలు దాటితే తలా ఒక ఉప్మా కప్పు.
మరిగే నీళ్ళు పోసి మూత పెట్టాలని దానిమీదే రాసుంది.
నీళ్ళు మాత్రం కంపెనీ ఇవ్వదు.
ఆరో వాక్యం చదివాను.
మళ్ళీ ఆరోది.
ఎనిమిదోది.

భైరవపాలెం సంగాని వీరబాబు అరవలేదు.
రెండు బుట్టల మండపీతలు, డెక్కలకి పురికొస చుట్టి.
"రేపు పదింటికి చెన్నైలో సింగపూరు పెట్టెలో ఎక్కాలమ్మా ఇయ్యి.
కట్టేసిన పీత ఎన్ని గంటలు ఓర్చుకుంటాదో
మీ కంప్యూటర్లో ఉందేమో సూడు."
చూశాను, నిజంగానే.
సామాను ఉంది, పెంపుడు జంతువు ఉంది, పాడైన వస్తువు ఉంది.
పీత లేదు.

కస్టమర్ కేరుకి చేశాను.
మాకూ మీ నంబరే, వేరేదేం లేదు.
"మీ కాల్ మాకెంతో ముఖ్యం. మీరు వరుసలో నలభై మూడోవారు."
ఏ ఊరిదో తెలీని తెలుగు,
ఏ రేవులోనూ పాదం తడవని తెలుగు.
నలభై. ముప్ఫై ఎనిమిది. మళ్ళీ నలభై ఒకటి.
మధ్యలో పిల్లనగ్రోవి.
బుట్టలోంచి గరగర, గరగర.

ఫోను స్పీకర్లో పెట్టి బల్ల దాటి ఇవతలికొచ్చాను.
నా గొంతు నాకే పెద్దగా వినపడింది:
"విమానం లేదండోయ్!
రేపొద్దున్నా నమ్మకం లేదు.
తొమ్మిదిన్నరకి రైలుంది, సీటుండదు, నించోవాలి.
డబ్బులు వారంలో అంటారు, నెల పడుతుంది,
ఈ కాయితం ఫోటో తీసుకోండి.
వేడినీళ్ళు నే తెస్తాను."

ఒకాయన మా అమ్మని తిట్టాడు, అలవాటు కొద్దీ.
తరవాత ఆయనే ఆటోల కోసం బయటికి పరిగెత్తాడు.
కడియం నర్సరీ ఆవిడ చెంబుతో సాయం వచ్చింది.
నేనూ వీరబాబూ గోడమీది బేనరు ఊడదీసి
కుళాయి కింద తడిపి బుట్టల మీద కప్పాం.
మీ చిరునవ్వే మా గమ్యం, అని పీతల మీద.
ఆయన ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి
ఏమీ అనలేదు.

పదకొండింటికి మెమో వచ్చింది:
నిర్దేశిత వాక్యాలు వాడనందుకు సంజాయిషీ ఇవ్వవలెను.
హాలంతా ఖాళీ కప్పులు.
అప్పుడు పలికింది ఫోను, మనిషి గొంతుతో,
నిద్ర ఆపుకుంటున్న కుర్రాడు.
"నేను మీకు ఏవిధంగా సహాయపడగలను?
మీ ఫిర్యాదు దేని గురించి?"
"పీతలు," అన్నాను.

టకటకలాడే మీటలు ఆగిపోయాయి.
కాసేపు ఇటు వానా, అటు వానా.

"మండపీతలేనాండీ?"