వెయ్యీ, పన్నెండొందలూ

కొండకి వీపు ఆనించి కూర్చున్న ఊరు, కొవిల్యా.
పోర్చుగల్‌లో మిగతా చోట్ల ముందు రంగు అడుగుతారు,
ఇక్కడ ఏ గేరులో ఎక్కుతుందని అడుగుతారు.

దియొలిందా రెండు కార్ల బానెట్లూ ఎత్తించింది.
వెయ్యి సీసీ, మూడు సిలిండర్లు:
స్టార్ట్ చేస్తే ముక్కాలి పీటలా చిన్న ఊగు.
పన్నెండొందలు, నాలుగు సిలిండర్లు:
నిండుకుండ, తొణకదు.
"ఏది తక్కువ తాగుతుంది?" అంది, పెళ్ళికొడుకుని వాకబు చేసినట్టు.

నేను పన్నెండొందల పక్షం.
కమీషన్ కోసమనుకుంటే అనుకోండి.
వెనక సీట్లో రెండు బస్తాల బంగాళాదుంపలు వేసి మరీ
శ్మశానం మలుపు మీదికి వెయ్యి సీసీని తోలాను.
మూడో గేరులో గునిసింది.
రెండులోకి దించితే
అరిచి, ఆయాసపడి, ఎలాగో ఎక్కింది.
"చూశారా!" అన్నాను.

ఆమె అద్దంలోంచి పైకి చూస్తోంది,
ఇంకా మంచు కరగని, కాపరుల గుడిసెల వైపు.
"వారానికి రెండుసార్లు గొర్రెపాల చీజ్ కోసం వెళ్తాను.
వెళ్ళేటప్పుడు నేనూ, ఖాళీ పెట్టెలూ.
బరువంతా దిగేటప్పుడే కదా నాయనా,
దిగడానికి ఇంజినెందుకు?"

పదహారేళ్ళుగా ఈ కొండ కింద కార్లమ్ముతున్నాను.
ఎక్కడం గురించే మాట్లాడాను, అందరితోనూ.

షెడ్డుకి తిరిగొచ్చాక
వెయ్యి సీసీ తాళం జేబులో వేసుకుని
చక్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది:
"ఇప్పుడు బ్రేకులు చూపించు."

చూపించాను. సంతకాలయ్యాయి.
బస్తాలు దించడం మర్చిపోయాను.
ఆ బంగాళాదుంపలు మా ఆవిడవి.