ఆటల అరటిపండు

సీతాఫల్‌మండి స్టాపు కాడ ఒకామె
నా కొడుకు ఒళ్లె రెండు అరటిపండ్లు పెట్టి
చేతులు కండ్లకద్దుకొని బస్సెక్కిపోయింది.
దానమో, భయమో, మొక్కో తెల్వదు.
వాడు తొక్క తీయమన్నడు.
ఆకలైతున్నది, తిన్నడు. అంతే.
రెండోది నాకిచ్చిండు గని
నాకే గొంతు దిగలే.

వాని పేరు తనూజ్. తొమ్మిదేండ్లు.
క్యాంపుల డాక్టరు మోకాలు వంచి చూసి
మెడ తిప్పి చూసి
డెబ్బై రెండు శాతం అని రాసిచ్చిండు.
ఆ కాయితం బియ్యం డబ్బా మీద ప్లాస్టిక్ కవర్ల ఉంటది.
ఒక్కోసారి రాత్రి మిషను ఆపి, దారం తెంపి
లెక్క చేస్త.
మిగిలిన ఇరవై ఎనిమిది ఏది?
ఎడమ చెయ్యా?
పక్కింటి కుక్కరు విజిళ్లను
ఆ ఇంటోళ్లకంటే సరిగ్గ లెక్కపెట్టే చెవా?

బడులు మూడు చూసినం.
మొదటిదాంట్ల లిఫ్టు లేదు.
రెండోదాంట్ల లిఫ్టుంది,
"మిగతా పేరెంట్స్ ఏమంటరో" అన్నరు.
మూడోది సర్కారు బడి. మెట్లు మూడే.
పంతులమ్మ ఒక దిక్కు, అటెండరు సాయిలు ఒక దిక్కు.
ఎత్తుడు వాళ్లకలవాటైంది,
ఎత్తించుకునుడు వీనికింక కాలే.
సిమెంటు రాంగనే ర్యాంపు కడ్తమన్నరు.
రెండేండ్ల సంది సిమెంటు తొవ్వలనే ఉంది.

ఇగ వారాసిగూడల మా గల్లీ.
సాయంత్రం ఐదైతే పాత పెయింటు డబ్బానే వికెట్టు,
డ్రైనేజీ మూత కాడ గీత.
కిరాణం షట్టరుకు తాకితే ఫోరు,
పై అంతస్తుకు పోతే ఔటు, తిట్లు వేరే.
వీనికీ ఒక ఓవరు ఇస్తరు. మంచి పిల్లలు.
బాలు మెల్లగ దొర్లిస్తరు.
చక్రాల కుర్చీకి తాకినా రెండు రన్నులు.
డబ్బా పడ్డా "నో బాల్, నో బాల్" అని చప్పట్లు.
ఆటల అరటిపండు.
ఏ పార్టీ లెక్కల రానోడు.

ఆ చప్పట్లకు నేను సంబరపడ్డ, అబద్ధమెందుకు.
కిటికీ కాడ జాకెట్లు కుట్టుకుంట
ఆ పిల్లలను కన్నోళ్లకు మనసుల దండం పెట్టిన.
వాని మొఖం మాత్రం
ఉప్పు లేని పప్పు తిన్నట్టుండేది.
అది మొన్నటిదాక నేను చూడలే.

మొన్న నౌషీన్ వచ్చింది.
కొత్తగ కిరాయికి దిగిన మెకానిక్ బిడ్డ.
ముందటి పన్ను సగం లేదు.
ఎవరేం చెప్పకముందే ఉరికొచ్చి
నిజం బాలు ఏసింది.
డబ్బా ఠంగుమని ఎగిరి మోరీల పడ్డది.
"ఔట్!"

గల్లీ ఆగింది. నా కాలికింద మిషను ఆగింది.
"అరే, వానికి ఔటుండదే" అన్నడు అఖిలేష్.
"కైకు ఉండది? బ్యాటు పట్టిండు గద!"

లేచిన. చెప్పులేసుకున్న. మెట్ల దాక పోయిన.
అప్పుడు ఇనొచ్చింది మా వాని గొంతు.
ఒక్కొక్క అక్షరం మెట్లెక్కి, జారి, మళ్ల ఎక్కి
"నో... నో బా...లు!
గీ...త దాటినవ్!"
"దాటలే!"
"దా...టినవ్!"

తొమ్మిదేండ్లల వానితోని
ఒక్కలు కొట్లాడలే. నేను గూడ.
చేతులు గాలిల కొట్టుకుంటున్నయి,
అంగి మీద లాల కారుతున్నది,
కండ్లు మిరపకాయలైనయి.
ఆ పిల్ల నడుం మీద చేతులు పెట్టుకొని అడుగు జరగలే.
మిగిలినోళ్లంత గీత కాడ వంగి
చెప్పు గుర్తులు వెతుకుతున్నరు.

నేను మెట్ల మీదనే కూసున్న.
చెప్పులిడిచిన.

తీర్పు ఔటే.
రాత్రి వాడు అన్నం ముట్టలే.
పొట్లకాయ కూర దిక్కు చూడలే.
"పండు తింటవా నాయనా" అన్న,
గోడ దిక్కు తిరిగిండు.

లైటు తీసినంక చానసేపటికి
చీకట్లకెళ్లి అన్నడు:
"రే...పు దానికి
నేను బాలేస్త."

ఎట్లేస్తడో నాకు తెల్వదు.
గీత మాత్రం ఇయ్యాల కంటే లావుగ
నేనే గీయాలంట.