నూకల లెక్క

మా ఇంట్లో కంచాలు లేవు.
ఒకటే పళ్ళెం, బండిచక్రమంత.
చుట్టూ ఏడుగురం, ఏడు కుడిచేతులు.
ఎవరి ముందున్నది వాళ్ళది,
గీత ఎవరూ గీయరు.

సాన్ లూయీ ఆసుపత్రిలో నర్సు మరియేతు
"పూటకి ఎన్ని కప్పుల అన్నం?" అంది.
కప్పు!
సముద్రం ఎన్ని చెంబులని అడిగినట్టుంది.
"ఆకలున్నంత" అన్నాను.
కాగితం మీద రాసుకుంది, నవ్వలేదు.

టీలో పంచదార మానేశాను కదా,
అన్నం తియ్యగా ఉండదు కదా,
మరి ఈ మీటరెందుకు కక్ష కట్టింది?
ఆమె తన డబ్బా తెరిచి
చిటికెడు నూకల అన్నం నా చేతిలో పెట్టింది.
"మింగకు, నములుతూ ఉండు."
నమిలాను,
చిక్కుపడ్డ వల విప్పేంత ఓపికగా.
కాసేపటికి
నాలుక కొసన, సన్నగా, తీపి.
"నోట్లోనే మొదలైంది చూడు బిరాన్,
ఇక కడుపు దాటాక చెప్పేదేముంది?"

ఆ రోజు తిన్న రెండు గంటలకి
వేలి చివర ఎర్రచుక్క చెప్పిన సాక్ష్యం:
లీటరు నెత్తుటికి రెండు గ్రాముల అరవై నాలుగు.

ఈ భూమ్మీద ఎవడి నూకలు వాడికి
కొలిచే పంపిస్తారంటారు.
నావి నేనే దోసిళ్ళతో
ముందే తోడుకుంటున్నానని
ఇన్నేళ్ళూ తెలియలేదు.

యఖారా ఏమీ అనలేదు.
మర్నాడు పళ్ళెం దించి
గరిటె కాడతో అన్నంలో గీత గీసింది.
నా వైపు చేప, క్యాబేజీ, చేదు వంకాయ,
ఒక్క గుప్పెడు ఎర్రన్నం.
"ముందు కూరలు. అన్నం చివర."
కర్రపెండలం ముక్కొకటి నా వైపు దొర్లితే
వేలితో అవతలకి నెట్టింది:
"అదీ ఆ ఇంటి చుట్టమే."

నలభై ఏళ్ళు పడవలో
ఏ దేశపు నీళ్ళో చూసుకోకుండా తిరిగినవాణ్ణి,
అన్నంలో సరిహద్దు చూసి
గొంతు పట్టేసింది.
సోఖ్నాకి ఆరేళ్ళు. ఒకసారి గీతని చూసింది,
ఒకసారి నన్ను.
తన వాటా చేపముక్క తుంచి
గీత దాటించి పెట్టింది.
చేపకి అడ్డేముంది?

సాయంత్రం చుక్క:
ఒక గ్రాము డెబ్బై ఒకటి.
గెలుపని అనను.
టీ మూడు వాయిలు కాస్తుంటే
చేదుగా ఉండే మొదటి గ్లాసు, నాకోసం తీపి కలపకముందే తీసింది, తాగి లేచాను.

మధ్యాహ్నం గిన్నె అడుగున మాడుచెక్క
పిల్లలు గీకుతున్న చప్పుడుకి
నా చెవులు నిక్కబొడుచుకోవడం
ఆమె చూసే ఉంటుంది.
వేలెడంత ముక్క విరిచి
గీతకి ఇవతల పెట్టి,
చూడనట్టు
అటు తిరిగింది.