నలభై ఒకటో భాగం

ఇకీకే రేవులో
జపాన్ నుంచి పాతకార్లు దిగేవి
కుడిపక్క స్టీరింగుతో, పాదాల కింద వేరే దేశపు ఇసుకతో.
మా నాన్న ఒస్వాల్దో పని వాటి చెయ్యివాటం మార్చడం.
డాష్‌బోర్డు విప్పి, ఎముకలు కోసి,
ఎడమకి తెచ్చి అతకడం.
సీట్ల కింద దొరికినవన్నీ నావి.
గొడుగు పిడి, కరిగి గడ్డకట్టిన చాక్లెట్టు,
ఒక శనివారం, తెల్ల వ్యానులో
పసుప్పచ్చ గేమ్ క్యాసెట్టు.

వెనకాల నల్ల మార్కరుతో ఎవరో పిల్లల రాత.
ముందు బొమ్మ మాత్రం నాకు తెలిసినవాళ్ళదే.
రోజూ సాయంత్రం ఐదింటికి మా టీవీలో
స్పానిష్‌లో ఏడ్చేవాళ్ళు వాళ్ళు:
తోమా, వాడి అక్క సునా,
గాలిపటం మీద సముద్రం దాటే ఇద్దరు.

పెట్టాను. వెలిగింది.
అక్కంటే ఆరు చుక్కలు, ఎర్ర రిబ్బను ఇంకో రెండు.
తమ్ముడు దూకితే కప్ప, అరిస్తే మరిగే కెటిల్.
పాట ఉండాల్సిన చోట దోమ.
అయినా వాళ్ళే.
కాదన్నవాణ్ణి కొట్టేదాన్ని.

ఆ భాష అక్షరమ్ముక్క రాదు నాకు.
పైనుంచి మూడోది రొట్టె, నాలుగోది కత్తి.
ఇల్లులా ఉన్నది నొక్కితే పడుకుంటారు,
రెండు కొమ్ములున్నది నొక్కితే పారిపోతారు.
చీకట్లో మెట్లు లెక్కపెట్టుకుని దిగినట్టు
చదువుకున్నాను.

టీవీలో నలభై ఒకటో భాగం:
వంతెన కూలింది. తాడు కోసింది అక్కే.
ఆ రాత్రి నేను గిన్నె ముట్టలేదు.
"బొమ్మ చచ్చిపోతే ఏడుస్తారటే" అంది అమ్మ
నెపం ఉల్లిపాయల మీదికి నెట్టి
తన కళ్ళూ తుడుచుకుంటూ.

గేములోనూ వంతెన వచ్చింది.
దాటగానే తెరంతా నలుపు,
నడిమధ్య ఒకే ఒక్క తెల్ల వాక్యం.
అదేం చెబుతుందో నాకు తెలియదా?
ప్లగ్గు పీకేశాను.
ఇక ఎప్పుడు ఆడినా వంతెనకి ఇవతలే.
గడ్డి కోసి, నాణేలేరి,
తొంభై తొమ్మిదో లెవల్ దాకా మేపాను అక్కని
ఏ వంతెనా ఏమీ చెయ్యలేనంతగా.

తర్వాత చాలా వచ్చాయి. అన్నీ కొన్నాను.
కార్డులాట. కార్ల రేసు,
వాళ్ళ కథ మొత్తంలో ఒక్క చక్రం లేదు మహాప్రభో!
ముప్పై గంటల ఆటలో ఇరవైతొమ్మిది నడకే అయినదొకటి.
కొత్తదాంట్లో ఒక్కో వెంట్రుకా విడిగా ఎగురుతుంది,
గొంతు మాత్రం వేరేవాళ్ళది.
అక్కని విడిగా కొనుక్కోవాలట,
ఐదువేల తొమ్మిదివందల తొంభై పెసోలు.
కొన్నాను. నలభై రెండేళ్ళు నాకు. సిగ్గు లేదు.

మొన్న మార్చిలో షెడ్డు అమ్మేటప్పుడు
లెక్కలు తేల్చడానికి హిరోసె గారొచ్చారు,
ఆ రోజుల్లో నాన్నకి కార్లు పంపిన ముసలాయన.
క్యాసెట్టు తిప్పి, కళ్ళజోడు నుదుటికెత్తి చదివారు:
"మూడో తరగతి, రెండో సెక్షన్, మినెగిషి కజుహా."
అప్పుడడిగాను ఆ వాక్యం సంగతి,
ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు.
పాత టీవీ కోసం రెండు ఇళ్ళు తిరిగాం.
వంతెన దాటాను, ముప్పై ఏళ్ళలో రెండోసారి.
నలుపు. తెలుపు.
ఆయన పెదాలు కదుపుతూ లోపల ఒకసారి చదువుకుని,
తర్వాత పైకి:
"అక్కణ్ణుంచి ఇద్దరూ ఇంటికి వెళ్ళారు."

అంతేనా?
"అంతే. చిన్న క్యాసెట్టు కదమ్మా,
చావు పట్టి ఉండదు."

ఆయన వెళ్ళాక చాలాసేపు కూర్చున్నాను
నూనె మరకల నేల మీద.
దాచిన ఆటలు రెండున్నాయి దాంట్లో.
రెండోది నాది.
మొదటిది కజుహాది, ఎన్నడూ చెరపలేదు,
తెరిచీ చూడలేదు, ఇంకొకరి డైరీ కదా అని.
ఇవాళ తెరిచాను.

వంతెనకి ఇవతల,
గడ్డంతా కోసేసి,
అక్క తొంభై ఏడో లెవల్లో నిలబడి ఉంది.

ఆ పిల్లకి చదవడం వచ్చు.
అయినా.