పాదసూచికలో నా పేరు

ఘెంట్ నగరపు మ్యూజియంలో
కాలువ వైపు కిటికీ ఉన్న గది ఒక్కటే, పదకొండోది.
మూలన ఉన్న కుర్చీ నాది.
ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగం
చూసీ చూడనట్టు కూర్చోవడం.
బొమ్మల్ని కాదు,
బొమ్మల దగ్గరికి చాచుకొచ్చే చేతుల్ని.

హోడలీవ్ వెర్మాండర్ గారి పుస్తకం
మొదట నా కంటపడింది సామాన్ల గదిలో,
ఎవరో మరిచిపోయిన సంచిలో, వానకు తడిసి ఉబ్బి.
వస్తే తిరిగిద్దామని దాచి, చదివేశాను.
మిగతావి కొనుక్కున్నాను.

ఆవిడ బొమ్మను మెచ్చుకోదు, నిలదీస్తుంది.
ఈ రాజును ఇంత ఎత్తున వేలాడదీసిందెవరు?
ఈ ఆడమనిషి ఎవరి పడకగది గోడ కోసం ఒళ్ళు తిప్పుకుంది?
ఈ ద్రాక్షపళ్ళకు డబ్బెవరిచ్చారు?
ఒక పుస్తకం నిండా బొమ్మల వీపులే:
మేకులు, పురుగు తిన్న చెక్కలు, వేలంపాట చీటీలు,
యుద్ధంలో ఏ ఇంటినుంచి ఎత్తుకొచ్చారో
సుద్దముక్కతో వేసిన అంకె.
ఆ పేజీ దగ్గర నా కాఫీ చల్లారిపోయింది.

మా నాన్న నూలుమిల్లులో పనిచేశాడు.
గుడ్డ సంగతి తిరగేస్తేనే తెలుస్తుందనేవాడు,
పైకి అన్నీ నునుపేనట.
ఆవిడ ఆయన్ని ఎరగదు.

నాలుగో అధ్యాయం మా గదిలోని వంటింటి బొమ్మ గురించి.
యజమానురాలి చేతిలో ఉత్తరం.
చేప తోముతున్న పనిపిల్ల తల తిప్పి చూస్తోంది.
ఆ చూపు మీద ఆవిడ నలభై పేజీలు కట్టింది:
చదువు రాని కన్ను అక్షరానికి ఎలా ఆశపడుతుందో,
ఒక్క కాగితం ఇంటిని ఎలా రెండుగా కోస్తుందో.
గొప్పగా ఉంది. చదువుతుంటే గొంతు పట్టేసింది.

కానీ ఆ పిల్ల ఉత్తరాన్ని చూడటం లేదు.

జనవరిలో, మూడున్నరకు, మబ్బు లేకపోతే,
కాలువ నీళ్ళమీది ఎండ పైకప్పుకు తగిలి, జారి
బొమ్మ కుడిమూలకు పావుగంట వస్తుంది.
నల్లబడ్డ వార్నిష్ అడుగునుంచి అప్పుడు తేలుతుంది
పొయ్యి, పొయ్యి మీద గిన్నె,
గిన్నె అంచున వెంట్రుకంత తెలుపు.
పాలు.
పొంగబోతున్నాయి.
ఆ పిల్ల చేతులు చేప మీద, ప్రాణం పాల మీద.

ఆవిడకు ఉత్తరం రాశాను, తప్పులతోనే.
తొమ్మిది నెలలు జవాబు లేదు.
జనవరిలో ఒక ముసలావిడ మడతకుర్చీ మోసుకొచ్చి
నా పక్కన వేసుకుంది.
మొదటిరోజు మబ్బు. రెండోరోజు మబ్బు, పైగా మంచు.
ఇద్దరం ఆవిడ తెచ్చిన బిస్కెట్లు తిన్నాం,
గదిలో తినకూడదన్న బోర్డు కిందే.
మూడోరోజు ఎండ వచ్చింది.

ఆవిడ కళ్ళజోడు తీసింది, తుడిచింది, పెట్టుకుంది.
"నా నలభై పేజీలూ పొయ్యిలో పెట్టావు కదయ్యా" అంది.
చాలాసేపటికి, వెలుగు పోయాక,
నాతో కాదన్నట్టు అంది:
"మా ఇంట్లో పాలు ఎప్పుడూ వేరేవాళ్ళే కాచేవాళ్ళు."

కొత్త ముద్రణలో ఆ అధ్యాయం పదమూడు పేజీలు.
అడుగున, చీమల బారులాంటి అక్షరాల్లో, నా పేరు.
లీవెన్ బోలార్ట్ అని ఉండాలి.
లీవెన్ బోలార్ అని ఉంది.
దిద్దమని రాయలేదు.
ఎవరైనా పట్టుకుంటారేమో చూద్దామనుకున్నాను.

ఆవిడ పోయింది.
ఇప్పుడు జనం పుస్తకం చేతపట్టుకుని వస్తారు.
పేజీ చూస్తారు, గోడ చూస్తారు, మళ్ళీ పేజీ చూస్తారు.
జూలైలో వచ్చి గిన్నె ఏదని నన్నడుగుతారు.
కొందరు కనబడకపోయినా కనబడిందంటారు,
ఫొటో తీసుకుని వెళ్తారు.

నిన్న బడిపిల్లల గుంపులో ఒకతె, ఎమినె అట పేరు,
బూటు తాడు ఊడి నేలమీద కూలబడింది.
ముడి వేస్తూ తలెత్తింది.
"గిన్నె కింద పిల్లి ఉంది" అంది.
టీచరు పద పద అంది.

ఇరవై రెండేళ్ళు.

గది ఖాళీ అయ్యేదాకా ఆగి
కుర్చీలోంచి లేచాను.
మోకాళ్ళు కిర్రుమంటుంటే
ఆ పిల్ల కూర్చున్న చోటే
నేల మీద కూర్చున్నాను.