వెనకడుగు లెక్క

అందరూ ముందుకెళ్ళేదాన్ని చూస్తారు.
నా ఏడేళ్ళూ
వెనక్కొచ్చేదాని మీదే పోయాయి.

గుండు గొట్టం దాటే రెప్పపాటులో
గొట్టం వెనక్కి తంతుంది.
గేదె తన్నుకైనా ఏదో కోపముంటుంది,
దీనికి లెక్క మాత్రమే ఉంటుంది.
ఆ తన్నుని సిలిండర్లో నూనె పట్టుకోవాలి,
సన్నని కంతల్లోంచి ఇరుక్కుని, వేడెక్కి, పారిపోతూనే
చివరి జానెడులో
నిద్రపోయిన పిల్లని మంచం మీదికి దించినట్టు దించాలి.
ఆపైన నత్రజని దాన్ని మళ్ళీ ముందుకు నెట్టాలి,
ఏమీ జరగనట్టు.

నేను గీసింది ఆ కంతలు. అంతే.

ఈ ఊళ్ళో గొప్పవాణ్ణి తోపు అంటారు.
తోపులో సగం పని
తగ్గడమేనని ఎవరికి చెప్పను?
పొద్దున బస్సులో కండక్టర్ "గన్‌ఫౌండ్రీ, గన్‌ఫౌండ్రీ" అని అరుస్తాడు.
దిగేవాళ్ళు బ్యాంకు పనికి దిగుతారు.

లారీ వెనక లాగాల్సిన ఫిరంగి.
తేలికైతే కాల్చినప్పుడు ఎగిరిపడుతుంది,
బరువైతే వంతెన ఒప్పుకోదు.
సోమవారం మీటింగులో
చక్రాలవాళ్ళు మూడు కిలోలడుగుతారు,
కాళ్ళవాళ్ళు ఐదు.
మోండా మార్కెట్లో కొత్తిమీర కట్టకి కూడా
నేనింత బేరమాడలేదు.

బాలానగర్‌లో జహీరుద్దీన్ చాచా షెడ్డు.
రేకుల కింద మూడు లేత్‌లు,
ఒకటి ఆయన కంటే పెద్దది.
పిస్టన్ మీద గోరు పెట్టి గీసి
"వెంట్రుకంత ఎక్కువుంది" అంటాడు.
మైక్రోమీటర్ తర్వాత ఒప్పుకుంటుంది.

ఒకరోజు చిప్స్ ఊడుస్తూ అడిగాడు:
"ఇది ఏడ పడ్తది, మేడం?"
అది వేరే విభాగం, అన్నాను.
ఆయన టూల్ బిట్ మార్చుకున్నాడు.

మూడోసారి సీలు చిరిగింది.
రాత్రి రెండున్నరకి టెస్ట్ బెడ్ నిండా నూనె,
మా చెప్పుల జాడలు
క్యాంటీన్ దాకా.
తప్పు నాదే. గాడి మూల
కత్తిలా గీశాను.
చాచా పంపిన ముక్కల్లో ఒకదానికి
ఆ మూల గుండ్రంగా ఉందని
ఇన్‌స్పెక్షన్‌వాళ్ళు ఎర్ర ట్యాగ్ కట్టి మూల పడేశారు,
డ్రాయింగులో లేని గుండ్రం అని.
ఆ ఎర్ర ట్యాగుదాన్నే బిగించాం.
నిలబడింది.
తెల్లారి నేను రివిజన్ ఎఫ్ గీశాను.
గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు,
అన్ని గడుల్లోనూ
ఆయనకో గడి దొరకలేదు.

గొట్టం ఊరు దాటిన రాత్రి
ట్రైలర్ వెనక జీపులో నేనూ ఉన్నాను.
టార్పాలిన్ కప్పి, తాళ్ళు కట్టి, నడక వేగంతో.
సుచిత్ర దగ్గర కానిస్టేబుల్ టార్చ్ కొట్టి
"ఏందది?" అన్నాడు.
డ్రైవర్ యాదగిరి తడుముకోకుండా
"బోరు సార్" అన్నాడు.
అబద్ధం కాదు, లోపలంతా బోరే.
కానిస్టేబుల్ నిట్టూర్చాడు:
"మా బస్తీల ఏడొందల ఫీట్లు దింపినం,
సుక్క వడలే.
మీకన్న పడాలె."
వాళ్ళ నవ్వులు ఆగాక కూడా
నాకు నవ్వు రాలేదు.

కాల్పులు ఎక్కడో దూరపు ఇసుకలో.
నాకు వచ్చింది ఒక అంకె,
ఫోన్లో, గాలి హోరులోంచి:
పదకొండు వందల నలభై రెండు మిల్లీమీటర్లు.
"మళ్ళీ ముందుకొచ్చిందా?"
"వచ్చింది. మెత్తగా."
కుర్చీలో కూర్చున్నాను. చేతులు వణికాయి.
సంతోషమే, కాదనను.

గోడ మీద మొత్తం ఫిరంగి బొమ్మ:
కాళ్ళు బార్లా చాపి, గోళ్ళు నేలలో దించి,
నోరు కుడివైపు.
నోటికి అరంగుళం ముందు మార్జిన్ గీత.
ఆ గీత అవతల
ఏడేళ్ళలో మేమెవ్వరం
పెన్సిల్ ఆనించలేదు.

చాచాకి ఫోన్ చేసి అంకె చెప్పాను.
"మాషా అల్లా," అన్నాడు.
తర్వాత, "ఎనక సరే, మేడం.
ముందర?"

లైన్లో లేత్ తిరుగుతూనే ఉంది.
ఆయన ఆపలేదు,
నేను పెట్టెయ్యలేదు.